పాత వైర్ బేలర్ బేరంలో ఉంది: ఏమేం చూసుకుని కొనాలి?

లూసర్న్_లోగిలి | మడేరా కౌంటీ, కాలిఫోర్నియా

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ వేదికలో చదవడమే గానీ రాసింది లేదు. మడేరా దగ్గర మాకు కొంచెం పొలం ఉంది, అందులో పన్నెండెకరాలు లూసర్న్ అనే పశుగ్రాసం. కోతా, కట్టలు కట్టడమూ ఇప్పటిదాకా కాంట్రాక్టు వాళ్లతోనే చేయిస్తున్నాం. పన్నెండెకరాలంటే వాళ్లకు ఆఖరి బేరం కదా, పెద్ద పొలాలన్నీ అయ్యాక మా వంతు వస్తుంది. ఆలోగా వరసల్లో గడ్డి ఎండి పెళుసెక్కి, ఆకంతా నేల పాలై కాడలే మిగులుతున్నాయి. సొంతంగా గడ్డి కట్టలు కట్టే చిన్న బేలర్ ఒకటి ఉంటే ఈ తిప్పలు తప్పుతాయని చూస్తున్నాం.

పక్క ఊళ్లో ఒక పెద్దాయన 1960ల నాటి జాన్ డీర్ 224 అమ్ముతున్నాడు. తాడుతో కాదు, వైరుతో కట్టే రకం. షెడ్డులోనే ఉంచాడు, రంగు బాగుంది. "పోయినేడు కూడా కట్టాను" అంటున్నాడు. 2,200 డాలర్లు చెప్తున్నాడు. తన దగ్గర మిగిలిన రెండు పెట్టెల వైరు ఊరికే ఇస్తాడట. మా ట్రాక్టర్ 45 హెచ్‌పీ.

ఆయిల్ మార్చడం, గ్రీజు కొట్టడం వరకు నా చేత అవుతుంది. అంతకు మించి తెలీదు. ఇటు మా నాన్నగారేమో ఫోన్లో "తీగతో గడ్డి కట్టడమేంట్రా, గొడ్డు మింగితే?" అని పట్టుకున్నారు. దాని గురించి కూడా ఎవరైనా చెబితే ఆయనకు వినిపిస్తాను.

బెర్ముడా_బావ | డెంటన్ కౌంటీ, టెక్సాస్

తమ్ముడూ, ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి ట్వైన్ (తాడు) బేలర్ కొనుక్కో. ఇక్కడ నేను అమ్మేదంతా గుర్రాల వాళ్లకే. వైరు కట్ట కనిపిస్తే వాళ్లు బండి కూడా దిగరు. తాడు ముడి వేసే నాటర్‌కి విడిభాగాలు ఏ మూలైనా దొరుకుతాయి. వైరును మెలిపెట్టి ముడి వేసే ట్విస్టర్ పార్టు కావాలంటే పాత ఇనుము కొట్ల వెంట తిరగాలి. రంగు బాగుందన్నావు చూడు, అక్కడే నాకు అనుమానం. పైన పటారం లోన లొటారం.

మోడరేటర్

మొదటి పోస్టులో అమ్మకందారు ఫోన్ నంబరు ఉంటే తీసేశాం. దయచేసి వేరేవాళ్ల నంబర్లు ఇక్కడ పెట్టకండి. చర్చను "యంత్రాలు" విభాగంలోకి మార్చాం.

పాతఇనుము | క్లామత్ ఫాల్స్, ఒరెగాన్

బావ చెప్పింది టెక్సాస్‌లో నిజం. ఇటు పడమటి వైపు లెక్క వేరు. కాలిఫోర్నియా, నెవాడా, తూర్పు ఒరెగాన్‌లో వానలు తక్కువ, గడ్డి బాగా ఎండుతుంది, కట్ట బరువుగా గట్టిగా కడతారు. వైరు సాగదు, ఎలక కొరకదు, బరువు కట్టను లారీ మీద ఎంత ఎత్తు పేర్చినా ఆకారం చెడదు. అందుకే ఇక్కడ వైరు ఇన్నాళ్లు నిలిచింది. మూడు తీగల ఫ్రీమన్ బేలర్లు పుట్టింది కూడా మా ఒరెగాన్‌లోనే. అయినా మంచి ప్లాస్టిక్ ట్వైన్ వచ్చాక ఇక్కడా తాడు వైపు చాలామంది మళ్లారు.

కాబట్టి మిషన్ దగ్గరికి వెళ్లే ముందు రెండు పనులు చెయ్యి. నీ గడ్డి కొనేవాళ్లకు ఫోన్ చేసి వైరు కట్టైతే తీసుకుంటారా అని అడుగు. ఆ తర్వాత డీలర్‌కి మోడల్ నంబరు చెప్పి ట్విస్టర్ హుక్, గ్రిప్పర్ (తీగ చివర పట్టుకునేది), కట్టర్, నీడిల్ (తీగను అందించే పెద్ద సూది) రోలర్ ఇంకా వస్తున్నాయో లేదో కనుక్కో. జాన్ డీర్ పార్టుల కేటలాగ్ ఆన్‌లైన్లోనే ఉంది. ఈ రెంటిలో ఏది "లేదు" అన్నా మిషన్ చూడ్డానికి వెళ్లకు. వెళితే మోజు పడతావు.

రెండూ సరేనంటే ఈ వరసలో చూడు.

రంగు, టైర్లు, పికప్ పళ్లు, చైన్లు: వీటి మీద ఎక్కువసేపు పెట్టకు. పళ్లు విరిగితే కొత్తవి వేసుకోవచ్చు, చైను అరిగితే మార్చొచ్చు. పళ్లచక్రం కొనలు కొక్కేల్లా వంగి ఉంటే మాత్రం రాసుకో, బేరంలో పనికొస్తుంది.

అసలు సంగతి ప్లంజర్‌లో, అంటే ఛాంబర్ అనే గదిలో గడ్డిని దెబ్బ కొట్టి నొక్కే దిమ్మెలో ఉంటుంది. పీటీఓ షాఫ్టు (ట్రాక్టర్ శక్తిని మిషన్‌కి అందించే కడ్డీ) ట్రాక్టర్ నుంచి ఊడదీసి, ఫ్లైవీల్‌ని చేత్తో అది తిరగాల్సిన వైపే తిప్పు. ప్లంజర్ ముందుకు వచ్చాక గడ్డపార పెట్టి పైకి, పక్కకి ఎత్తి చూడు. కొంచెం లూజు మామూలే. దడదడమని కొట్టుకుంటే రోలర్ బేరింగులో పట్టాలో పోయినట్టు. ప్లంజర్‌కి ఒక కత్తి, ఛాంబర్ గోడకి ఇంకో కత్తి ఉంటాయి, ప్రతి దెబ్బకీ గడ్డిని కత్తిరించేవి అవే. రెంటి మధ్య సందు అంగుళంలో 1/32 దగ్గర ఉండాలి, సరైన అంకె మాన్యువల్లో చూసుకో. క్రెడిట్ కార్డు మందం ఇంచుమించు అంతే, జేబులోంచి తీసి పెట్టి చూడు. కార్డు పట్టి ఇంకా వేలు దూరేంత ఖాళీ ఉంటే ఆ మిషన్ గడ్డిని కోయడం లేదు, చింపుతోంది. ట్రాక్టర్ అనవసరంగా మూలుగుతుంది, కట్ట ఒక పక్క జూలు వేసుకుని వస్తుంది.

తర్వాత నీడిల్స్. వంగాయా, విరిగితే వెల్డింగ్ పెట్టారా, కొన దగ్గర రోలర్ వేలితో తిప్పితే తిరుగుతోందా చూడు. వైరు రోజంతా రాసుకుని రోలర్‌కి గాడి పడుతుంది. ఆ గాడి అంచుల్లో పడి వైరు గీరుకుపోతుంది.

ఆఖరున ట్విస్టర్. వైరు రెండు పెట్టెల్లోనూ ఎక్కించి, కట్టే మీటను చేత్తో విడిచి, ఫ్లైవీల్ తిప్పుతూ ఒక విడత పూర్తిగా నడిపించు. నీడిల్స్ ఛాంబర్లోకి లేచే వేళకి ప్లంజర్ ముఖంలో వాటి కోసం ఉన్న గాడుల్లోంచే అవి పోవాలి, ఎక్కడా రాసుకోకూడదు. నీడిల్స్ లేవగానే ప్లంజర్ స్టాప్ అని ఒక ఇనుప నాలుక ఛాంబర్లోకి వస్తుంది. టైమింగ్ తప్పి ప్లంజర్ దూసుకొస్తే ముందు ఆ నాలుకకు తగిలి, ఫ్లైవీల్‌కి ఉన్న షియర్ బోల్టు (బరువు మించితే తెగేలా పెట్టిన బోల్టు) తెగి, మిషన్ ఆగిపోవాలి. ఆ నాలుక కదలకుండా పట్టేసి ఉంటే నీడిల్స్‌కి రక్షణ లేనట్టే.

పురి పడ్డాక ఆ ముడిని చేతిలోకి తీసుకుని చూడు. రెండు తీగలూ ఒకదాన్నొకటి సమానంగా పెనవేసుకోవాలి. ఒకటి నిటారుగా ఉండి రెండోది దాని చుట్టూ పాకితే అది జారిపోయే ముడి. రెండు వైపులా బిగువు ఒకేలా లేదన్న మాట.

ఇంకో చిట్కా: ఆయన షెడ్డులో పోయినేటి కట్టలు ఉంటాయిగా, వాటి ముడులు చూడు. అమ్మేవాడు ఏం చెప్పినా ఆ కట్టలు అబద్ధం చెప్పవు.

ఇదంతా చేసేప్పుడు ట్రాక్టర్ ఆపి తాళంచెవి జేబులో పెట్టుకో. ఫ్లైవీల్ బరువుకు మిషన్ ఆపినా కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. నీడిల్స్ లేచే దారిలో చెయ్యీ పెట్టకు, తలా పెట్టకు.

పశువుల_డాక్టరమ్మ | వరంగల్

లోగిలి గారూ, మీ నాన్నగారి భయంలో అర్థం ఉంది. ఆవు, గేదె మేత నమిలి ఏరుకుని తినవు, నాలుకతో చుట్టి గబగబా మింగి తర్వాత తీరిగ్గా నెమరేస్తాయి. మేతలో మేకో తీగ ముక్కో ఉంటే అది నేరుగా రెటిక్యులం అనే అరలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. దాని గోడలు ముడుచుకునేటప్పుడు గుచ్చుకుంటుంది. ఆ అరకీ గుండెకీ మధ్య డయాఫ్రమ్ అనే పలచటి పొర ఒక్కటే అడ్డు. దాన్ని దాటిందంటే గుండె పొరకు చీము పడుతుంది. అంత దూరం వెళ్లాక వైద్యం చేసినా దక్కేవి తక్కువ.

ఉన్నట్టుండి మేత మానడం, పాలు పడిపోవడం, వీపు విల్లులా ఎత్తి నిలబడటం, మోచేతులు బయటికి పెట్టడం, పల్లానికి నడవనని మొరాయించడం కనిపిస్తే డాక్టర్ని పిలవాలి.

ఇది వైరు బేలర్ ఉన్న చోటే వచ్చేది కాదండీ. మా దగ్గర వైరు కట్టలే లేవు, అయినా గేదెల్లో తరచూ చూస్తాం. ఇళ్లు కట్టే చోట పడేసిన బైండింగ్ వైరు ముక్కలు, సూదులు, మేకులు, అన్నీ పొట్టలోనే తేలతాయి. అమెరికా డెయిరీల్లో ఆవు పొట్టలోకి వేలెడు అయస్కాంతం ముందుగానే మింగించి వదిలేస్తారు. ఇనుప ముక్కలు దానికి అంటుకుని గుచ్చుకోకుండా ఉంటాయి. ఒకసారి వేస్తే అది జీవితాంతం అక్కడే ఉంటుంది. మీకు ఆవులుంటే మీ వెటర్నరీ డాక్టర్ని అడగండి.

కట్ట విప్పేటప్పుడు తీగను ఒకే చోట కత్తిరించి, ముడి పట్టుకుని మొత్తం తీగను లాగేయాలి. రెండు మూడు చోట్ల కత్తిరిస్తేనే ముక్కలు మేతలో కలుస్తాయి. కట్టకు రెండు తీగలు కాబట్టి రోజూ ఎన్ని కట్టలు విప్పారో దానికి రెట్టింపు తీగలు గోడ మేకుకు వేలాడాలి. తగ్గితే వెతకాల్సిందే.

గోదారి_గట్టు | తాడేపల్లిగూడెం

నాకు రౌండ్ బేలర్ ఉంది, వరి కోతలయ్యాక గడ్డి చుట్టిస్తాను. దాంట్లో ముడి పెట్టే బాధే లేదు, తాడు చుట్టూ చుట్టి కోసేస్తుంది, అంతే. వరిగడ్డిలో ఇసుక గుణం ఎక్కువ కదా, కత్తులు, బేరింగులు తొందరగా అరుగుతాయి. మీ లూసర్న్ మెత్తన, ఆ గొడవ తక్కువ అనుకుంటా.

నాకో సందేహం అన్నా. ఆ వైరు అంటే మన స్లాబ్ పనుల్లో వాడే బైండింగ్ వైరేనా? అదైతే ఇక్కడ ఏ కొట్లో అడిగినా దొరుకుద్ది. ఇలాంటి మిషన్ ఒకటి తెప్పిస్తే ఎలా ఉంటుందా అని.

పాతఇనుము

గట్టు గారూ, రెండూ కాల్చి మెత్తబరిచిన ఇనుప తీగలే, మందం వేరు. స్లాబుల దగ్గర వాడేది 18 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్లు. బేలర్ వైరు ఇక్కడి గేజ్ ప్రకారం 14½, ఇంచుమించు 1.9 మిల్లీమీటర్లు. ట్విస్టర్ హుక్, గ్రిప్పర్ ఆ మందానికే చేసినవి. సన్న తీగ గ్రిప్పర్లో నిలవదు, నిలిచినా కట్ట బరువుకు తెగుతుంది.

తెప్పించడం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా, వద్దు. విడిభాగం ఒకటి విరిగితే సీజనంతా మిషన్ మూలన పడుంటుంది. మీ వరిగడ్డికి రౌండ్ బేలరే నయం.

యూమా_పెద్దాయన | యూమా, అరిజోనా

చర్చ చదువుతుంటే సరదాగా ఉంది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక పాత పొలంలో కేస్ ఎన్‌సీఎం బేలర్ చూశాను. దానికి ముడి వేసే యంత్రమే ఉండదు. చెరో పక్కన ఒక మనిషి కూర్చుని, దుమ్ములో, చేత్తో వైరు అటూ ఇటూ అందించుకుని మెలిపెట్టాలి. తనంతట తనే తాడు ముడి వేసే బేలర్ని న్యూ హాలండ్ వాళ్లు 1940లో మార్కెట్లోకి తెచ్చాకే ఆ చాకిరీ తగ్గింది. మీకు ట్విస్టర్ మొరాయించినప్పుడు ఆ ఇద్దరు మనుషుల్ని తలుచుకోండి, కోపం కొంచెం తగ్గుతుంది.

కొనే సంగతికి వస్తే, పాత వైర్ బేలర్‌కి ఒక గుణం ఉంది: కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. రేపు మీకు అక్కర్లేదనిపిస్తే కొనేవాడు దొరకడు. కాబట్టి తిరిగి అమ్మితే ఎంత వస్తుంది అనే లెక్క వేయకండి. పెట్టిన డబ్బు కట్టల రూపంలో రావాలి. మడేరా వైపు లూసర్న్ ఏడాదికి ఎకరానికి ఏడు టన్నుల దాకా వస్తుంది కదా, పన్నెండెకరాలకు 85 పౌన్ల కట్టలు దాదాపు రెండు వేలు. కాంట్రాక్టు వాడికి కట్టకి ఎంత ఇస్తున్నారో దాంతో గుణించి చూసుకోండి.

వైరు ఖర్చూ కలుపుకోండి. 6,500 అడుగుల చుట్ట దొరుకుతుంది. ఒక కట్టకు ఒక పక్క ఇంచుమించు పది అడుగులు పడుతుంది. రెండు పక్కలకు రెండు చుట్టలు పెడితే 600 కట్టల పైమాటే, మీకు సుమారు రెండు కోతలకు సరి.

లూసర్న్_లోగిలి

అందరికీ ధన్యవాదాలు. పాతఇనుము అన్న చెప్పినట్టే ముందు ఫోన్లు చేశాను. మా గడ్డి కొనే ఇద్దరూ చిన్న డెయిరీల వాళ్లు, వైరు కట్టకు అలవాటు పడ్డవాళ్లే, అభ్యంతరం లేదన్నారు. గుర్రాల ఆవిడ ఒకరు ఉండేవారు, ఆవిడ వద్దన్నారు. డీలర్ దగ్గర హుక్, కట్టర్, రోలర్ వస్తాయట. గ్రిప్పర్‌లో ఒక భాగం మాత్రం కంపెనీ నుంచి రావడం ఆగిపోయింది, పాత మిషన్ల నుంచి తీసినవి అమ్మే చోటు ఒకటి చెప్పారు.

నిన్న మిషన్ చూసొచ్చా. వివరాలు:

ప్లంజర్ పక్కకి కొంచెం ఊగుతోంది, కొట్టుకోవడం లేదు. ప్లంజర్ కత్తి ఒక మూల పెచ్చు ఊడింది. సందులో క్రెడిట్ కార్డు పట్టాక ఇంకో కార్డు కూడా పట్టింది. గేర్‌బాక్స్ ఆయిల్ నల్లగా ఉంది గానీ పాలలా తెల్లబడలేదు. ఎడమ నీడిల్ రోలర్ వేలితో తిప్పితే కదల్లేదు, గాడి కూడా లోతుగా ఉంది. కుడిది బాగానే తిరుగుతోంది. ఛాంబర్లో గడ్డిని వెనక్కి రాకుండా పట్టుకునే కొక్కేల్లో ఒకదానికి స్ప్రింగు లేదు.

ఫ్లైవీల్‌లో షియర్ బోల్టు ఉండాల్సిన చోట తల మీద ఆరు గీతలున్న బోల్టు ఉంది. పెద్దాయన్ని అడిగితే "మామూలువి ఊరికే తెగిపోతున్నాయి, గట్టిది వేశా" అన్నాడు.

పోయినేటి కట్ట ఒకటి ఛాంబర్లోనే వదిలేశాడు. దాని ఎడమ ముడి ఫొటో పెడుతున్నా. ఒక తీగ తిన్నగా ఉంది, రెండోది దాని చుట్టూ పాకింది.

పాతఇనుము

ఫొటో చూశా. అది ఎడమ పక్క బిగువు తేడా. పట్టేసిన రోలర్ చాలు అలా అవడానికి, అయితే అదొక్కటేనా కాదా అనేది నడిపితేగానీ తెలీదు.

నన్ను ఆపేసింది ఆ ఆరు గీతల బోల్టు. అది గ్రేడ్ 8, చాలా గట్టిది. షియర్ బోల్టు తెగడానికే ఉంది. అది తెగకపోతే దాని బదులు నీడిల్సో ప్లంజర్ రాడ్డో గేర్‌బాక్సులో పళ్లో విరుగుతాయి. పైగా బోల్టు ఊరికే తెగుతోందంటే ఏదో కారణం ఉండాలి. ఆ రెండు కార్డుల సందు, పెచ్చు ఊడిన కత్తి, అదే కారణం అయ్యుండొచ్చు. మొద్దు కత్తితో తడి గడ్డి వరస మందంగా మింగిస్తే బోల్టు తెగక ఏమవుతుంది? నువ్వు మళ్లీ వెళ్లి నీడిల్స్ పట్టుకునే అడ్డపట్టీ, ప్లంజర్ రాడ్డు చివర్లు తుడిచి పగుళ్లు ఉన్నాయేమో చూడు. అక్కడ పగులు లేకపోతే మిగతావన్నీ బాగయ్యేవే.

కట్ట లోపల వదిలేయడం చెడ్డ అలవాటు. గడ్డి చెమ్మ పీల్చుకుని ఛాంబర్ గోడలకు తుప్పు పట్టిస్తుంది. ఆ కట్ట తీసి గోడలు నున్నగా ఉన్నాయో గరుకెక్కాయో తడిమి చూడు.

బేరం: కత్తులు, రోలర్, స్ప్రింగు, గ్రిప్పర్ ఖర్చు కాగితం మీద రాసి చూపించు. 1,500 దగ్గర మొదలుపెట్టు.

బెర్ముడా_బావ

నేను ఇప్పటికీ వద్దనే అంటాను. కానీ గ్రేడ్ 8 బోల్టు సంగతి బయటపడింది కదా, అదొక్కటి చెప్పినా ఆయన దిగొస్తాడు. ఆయన వైరు పెట్టెల్లో తుప్పు ఉందేమో చూడు, ఊరికే ఇస్తానన్నదాంట్లోనే మెలిక ఉంటుంది.

లూసర్న్_లోగిలి

పగుళ్లు లేవు. 1,600కి తెగింది. ఛాంబర్ గోడలకు పైపైన తుప్పు ఉంటే ఇసుక కాగితంతో రుద్దాం.

రెండు కత్తులూ మార్చి సందు సరిచేశాం. రోలర్ కొత్తది. షియర్ బోల్టు మాన్యువల్లో చెప్పిన గ్రేడే వేసి, అదనంగా అరడజను పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాం. కట్టే విడత పూర్తయ్యాక నీడిల్స్ తమ చోటు దాటి కదలకుండా ఆపే బ్రేకుకి ఆయిల్ అంటి ఉంటే శుభ్రం చేసి బిగించాం. మాన్యువల్ డబ్బు పెట్టి కొన్నా, ఇంతవరకు పెట్టిన ఖర్చుల్లో అది దండగ కానిది.

మొన్న రాత్రి మొదటిసారి కట్టాం. కుడి పక్క ఒక్కటీ తప్పలేదు. ఎడమ పక్క కొన్ని కట్టలు బయటికి రాగానే ముడి విడిపోతోంది. దానికి తోడు ఎక్కడో మధ్యలో వైరు తెగడం కూడా జరుగుతోంది. ఎటు నుంచి మొదలుపెట్టాలో అర్థం కావడం లేదు.

యూమా_పెద్దాయన

రెండు వైరు చుట్టలూ అటుదిటు మార్చండి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. తప్పు చుట్టతో పాటు పక్క మారితే అది వైరు తప్పు. ఎడమనే ఉండిపోతే మిషన్ తప్పు. ముందు ఇది తేలనివ్వండి, అప్పటిదాకా స్పానర్ ముట్టుకోకండి. ఒకేసారి మూడు మరలు తిప్పితే ఏది ఎందుకు కుదిరిందో ఎప్పటికీ తెలీదు.

పాతఇనుము

పెద్దాయన మాటే నా మాట. మార్చాక తెగిన వైరు కొనలు కూడా తెచ్చుకుని వెలుతుర్లో చూడు. ముడి దగ్గర తెగితే హుక్ గరుకెక్కిందో, పురి మరీ ఎక్కువ పడుతోందో. కట్ట మధ్యలో తెగితే కట్ట అతిగా బిగుస్తోందో, తీగలో మెలికో తుప్పో ఉన్నట్టు. చుట్ట పెట్టే తీరు కూడా చూసుకో, ఏ వైపు పైకి ఉండాలో పెట్టె మీద రాసుంటుంది. తలకిందులుగా పెడితే ప్రతి చుట్టుకీ ఒక మెలిక పడుతుంది.

లూసర్న్_లోగిలి

తేలింది! రెండూ వేరు వేరు జబ్బులు.

ముడి విడిపోవడం ఎడమనే ఉండిపోయింది. ఎడమ గ్రిప్పర్ విప్పి చూస్తే గ్రీజు, గడ్డి పొట్టు కలిసి గట్టి పెళ్లలా పేరుకుపోయి ఉంది. దవడలు పూర్తిగా మూసుకోవడానికే వీల్లేదు, తీగ చివర జారిపోతోంది. డీజిల్‌తో కడిగి ఇత్తడి బ్రష్‌తో రుద్దితే దవడల మీద పళ్లు బయటపడ్డాయి. ఆ పళ్లు ఇంకా పదునుగానే ఉన్నాయి. దొరకదన్న పార్టు ఇప్పటికి కొనక్కర్లేదు.

మధ్యలో తెగడం మాత్రం చుట్టతో పాటు కుడికి వచ్చింది. ఆ ఊరికే వచ్చిన వైరు లోపలి పొరల్లో తుప్పు మచ్చలు. బావ చెప్పిందే నిజమైంది. కొత్త పెట్టె తెచ్చాక ఆ బాధ పోయింది.

ఇంకో రెండు అడుగుతాను. గ్రిప్పర్‌కి మళ్లీ గ్రీజు పెట్టాలా? కట్టలు కొన్ని అరటిపండులా ఒక పక్కకి వంగి వస్తున్నాయి, అది దేనికి?

పాతఇనుము

గ్రీజు నిపుల్ ఉన్న చోట గ్రీజు, లేని చోట పలచటి ఆయిల్ చుక్క, అదీ పని అయ్యాక తుడిచి. ట్విస్టర్ దగ్గర గ్రీజు పూస్తే దుమ్ముని పిలిచి కూర్చోబెట్టినట్టే. రోజూ పని మొదలుపెట్టే ముందు గాలితో ఊదేయి. పొట్టు పోతే నిప్పు భయం కూడా తగ్గుతుంది. ఎండాకాలం మీ వైపు ట్రాక్టర్ మీద మంటలార్పే సిలిండర్, ఒక క్యాన్ నీళ్లు లేకుండా పొలంలోకి దిగకు. మధ్యమధ్య ఆగి బేరింగుల దగ్గర చెయ్యి ఆనించి చూడు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆపేయాలి.

వంగడం సంగతి: గడ్డి ఛాంబర్లోకి ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ చేరుతోంది. మరీ సన్నటి వరస మీద గబగబా నడిపినా, గడ్డిని ఛాంబర్లోకి నెట్టే ఫీడర్ వేళ్ల దూరం సరిగా లేకపోయినా అలా అవుతుంది. ట్రాక్టర్ వేగం మార్చుకుంటూ ఒక కట్టకి పన్నెండు నుంచి పద్దెనిమిది ప్లంజర్ దెబ్బలు పడేలా చూసుకో. కట్ట విప్పి పొరలు లెక్కపెడితే తెలిసిపోతుంది. ఇంజిన్ వేగం మాత్రం తగ్గించకు, పీటీఓ నిమిషానికి 540 తిప్పుల మీదే ఉండాలి. నడక తగ్గించాలంటే గేరు మార్చు.

గోదారి_గట్టు

రాత్రి పూట కట్టడం ఎందుకన్నా? మాకు మంచు పడితే గడ్డి ముట్టుకోం, బూజు పడుద్దని.

లూసర్న్_లోగిలి

మా దగ్గర పగలు గాలి మరీ పొడి గట్టు గారూ. మధ్యాహ్నం కడితే లూసర్న్ ఆకు పొడైపోయి మిషన్ కిందే ఉండిపోతుంది. పోషకమంతా ఆ ఆకులోనే. అందుకే కాడ ముందే పూర్తిగా ఎండనిచ్చి, తెల్లవారుజామున కొంచెం మంచు దిగి ఆకు మెత్తబడ్డాక మొదలుపెడతాం. తేమ మీటర్ గుచ్చి చూసుకుంటాం. 16 శాతం దగ్గర మొదలుపెట్టి, 20కి చేరుతుంటే ఆపేస్తాం. అది దాటితే కట్ట లోపల వేడెక్కి బూజు పడుతుంది, మరీ ఎక్కువైతే గడ్డివాము అంటుకుంటుంది కూడా. వరిగడ్డికి ఆకు రాలే సమస్య లేదు కాబట్టి మీరు పగలు కట్టడమే సరి.

పశువుల_డాక్టరమ్మ

నాన్నగారికి వినిపించారా?

లూసర్న్_లోగిలి

వినిపించానండీ. ఇప్పుడు ఆయన డౌటు అయస్కాంతం మీదికి మారింది. "అది పేడలో వచ్చేస్తే మళ్లీ కొనాలా?" అంటున్నారు.

పశువుల_డాక్టరమ్మ

బరువు కాబట్టి అడుగునే ఉండిపోతుంది, మామూలుగా బయటికి రాదు. దిక్సూచిని ఆవు రొమ్ము కింద ఎడమ మోచేయి వెనక పెట్టి చూస్తే ముల్లు కదులుతుంది, ఉందో లేదో అలా తెలుసుకోవచ్చని చెప్పండి.

పాతఇనుము

లోగిలి తమ్ముడూ, ఆఖరి కోత అయ్యాక చేయాల్సింది ఇప్పుడే రాసిపెడుతున్నా, అప్పటికి నేను ఇటు రాకపోవచ్చు. ఛాంబర్లో ఉన్న కట్ట బయటికి నెట్టేయి. కట్టను బిగించే టెన్షన్ స్ప్రింగులు వదులు చెయ్యి. పొట్టు మొత్తం ఊదేశాక, నీళ్లు కొట్టకుండా, మెరిసే చోటల్లా ఆయిల్ పూయి: ఛాంబర్ గోడలు, కత్తులు, నీడిల్స్, ట్విస్టర్. చైన్లకు వేడి మీద ఉన్నప్పుడే ఆయిల్ పోస్తే లోపలికి దిగుతుంది. వైరు చుట్టలు మిషన్ మీద వదలకుండా తీసి పొడిగా ఉన్న గదిలో పెట్టు. వచ్చే ఏడు మొదటి కట్టలు బిగువు తగ్గించి కట్టు, గోడలు మళ్లీ నునుపెక్కాక పెంచుకోవచ్చు.

ఆ పాత మిషన్ల పార్టులు అమ్మే చోటు చెప్పారన్నావే, అక్కడ నీ మోడల్ గ్రిప్పర్ జత ఒకటి ఉంటే ఇప్పుడే కొని పెట్టుకో. అవసరం లేనప్పుడు దొరికే పార్టు అవసరం పడ్డప్పుడు దొరకదు.

లూసర్న్_లోగిలి

ఫోన్ చేశాను అన్నా. జత కాదు, ఎడమది ఒక్కటే ఉందట. తీసిపెట్టమన్నాను, శనివారం వెళ్తున్నా.